కోడ్ రాసేవాళ్లకు అడవిలోనూ పనుంది

ఆకలేసిన జంతువు ఎటు నడుస్తుంది? అక్కడ ఎంతసేపు మేస్తుంది? ఎప్పుడు కదిలిపోతుంది? ఈ ప్రశ్నలకు కంప్యూటర్లో జవాబు వెతకడమే ఉద్యోగంగా చేసుకున్నవాళ్లున్నారు. ఉదాహరణకు, 1988లో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో మూడో వంతుకు పైగా నేలను మంటలు చుట్టేశాయి. ఆవరణ శాస్త్రవేత్త మోనికా టర్నర్ బృందం ఆ నేలను కంప్యూటర్లో గళ్లుగా విడదీసి, మేత, మంచు లెక్కలు పెట్టి, ఎల్క్ దుప్పులను, బైసన్లను వదిలింది. చలి బాగా తక్కువైతే పెద్ద మంటలొచ్చినా మందకు ముప్పు లేదు, చలి ముదిరితే మాత్రం కాలిన నేల ఎంత, ఎలా పరుచుకుందన్నదీ మంద ప్రాణాలను ప్రభావితం చేస్తుందని 1994లో తేల్చింది.

మీరు జువాలజీ చదివినా, స్టాటిస్టిక్స్ చదివినా, కంప్యూటర్ సైన్సు చదివినా ఇందులోకి రావచ్చు. ముందు నెట్‌లోగో అనే సాఫ్ట్‌వేర్ దింపుకోండి, ఉచితమే. అందులో తోడేళ్లు, గొర్రెలు, గడ్డి ఉన్న నమూనా సిద్ధంగా ఉంటుంది. గడ్డి మళ్లీ మొలిచే గడువును కాస్త పెంచి, గొర్రెల సంఖ్య చూపే గీత ఎటు పోతుందో చూడండి. ఆ తర్వాత ఆర్ భాష, పటాలు గీసే క్యూజీఐఎస్ నేర్చుకోండి. మూవ్‌బ్యాంక్ వెబ్‌సైట్‌లో పరిశోధకులు అందరికీ తెరిచి ఉంచిన జంతువుల జీపీఎస్ దత్తాంశాలు బోలెడు.

కోడ్ కన్నా ముఖ్యమైనది ఒకటుంది, దత్తాంశాన్ని అనుమానించడం. ఆల్బట్రాస్ పక్షులు చిన్న చిన్న ప్రయాణాల మధ్య ఎప్పుడో ఒకసారి చాలా దూరం ఎగురుతూ, ఒక ప్రత్యేక గణిత సూత్రం ప్రకారం మేత వెతుకుతాయని 1996లో ఓ పరిశోధన చెప్పింది. కాలికి కట్టిన పరికరం తడవనంతసేపూ పక్షి ఎగురుతోందని లెక్కగట్టారు. 2007లో తిరగేసి చూస్తే, ఆ పొడవాటి ప్రయాణాల్లో కొన్ని, పక్షి గట్టుమీద కూర్చున్న గంటలేనని తేలింది! జంతువు అసలేం చేస్తోందో తెలియకపోతే ఎంత గొప్ప లెక్కయినా ఇలాగే తప్పటడుగు వేస్తుంది. అందుకే ఫీల్డుకు వెళ్లే అవకాశం వస్తే వదులుకోకండి.

చదువుకు డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్, ఐఐఎస్‌సీ ఉన్నాయి. మనకు దగ్గర్లో తిరుపతి ఐసర్, హైదరాబాద్‌లో సీసీఎంబీ వారి లాకోన్స్ ఉన్నాయి. గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపరూ ఉంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఆశించి మాత్రం రావద్దు. చాలామందికి మొదట దొరికేది కాలపరిమితి ఉన్న ప్రాజెక్టు ఉద్యోగమే. దానికోసం ఇప్పుడే ఓ పని మొదలుపెట్టొచ్చు: చిత్తూరు, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ఏనుగులు చేలల్లోకి దిగుతున్నాయి. వాటి దారిపై ఓ చిన్న నమూనా కట్టండి, దరఖాస్తుతో పాటు దాని కోడ్ పంపండి. మీ మార్కుల జాబితా కన్నా ప్రొఫెసర్లు దాన్నే ముందు తెరుస్తారని నా నమ్మకం.