పుచ్చుపంటికి ఏం పెట్టాలి?

కాలేజీ సంచికలో పంటిని గురించి వ్యాసమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నేను దంతవైద్యుణ్ణి కాను, రసాయనశాస్త్ర విభాగంలో పరిశోధక విద్యార్థిని. కానీ ఒక పన్ను విషయంలో నేను చేసిన పొరపాటుకు మా అమ్మ ఈనాటికీ ఒక పక్కనే నములుతోంది. అది కెమిస్ట్రీ తెలియక చేసిన పొరపాటు కాదు, సగం తెలిసి చేసినది. అందుకే రాస్తున్నాను.

మాది చిత్తూరు జిల్లాలో పూతలపట్టు దగ్గర ఒక పల్లె. చెరుకు గానుగాడే రోజుల్లో బెల్లమూ చెనిక్కాయలూ లేని పూట ఉండదు. పళ్ళ సందుల్లో అంటుకున్న బెల్లాన్ని అక్కడి సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పైనున్న పింగాణీపొరలోని కాల్షియం ఫాస్ఫేటును కరిగిస్తుంది. పుచ్చడమంటే ఇంతే. నేను ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరంలో ఉండగా, చన్నీళ్ళు తాగితే కింది దవడపన్ను జివ్వుమంటోందని అమ్మ చెబితే, తిరుపతికి పిలిపించి ఒక దంతవైద్యుని దగ్గరికి తీసుకుపోయాను. పుచ్చు రెండు పళ్ళ నడుమ, చిగురు కిందిదాకా దిగి ఉంది. "ఇక్కడ వెండి పెడదాం" అన్నారాయన. వెండి అంటే పాదరసం కలిపిన అమాల్గం అని నాకు తెలుసు. పాదరసం విషం, పైగా నల్లగా కనబడుతుంది. "తెల్లది పెట్టండి సార్, డబ్బు నేను కడతాను" అన్నాను. ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పి చూశారు. "నోట్లో ఎవురు చూస్తార్రా నాయనా" అంది అమ్మ. నేను వినలేదు.

పద్నాలుగు నెలలకు ఆ తెల్ల సిమెంటు అడుగున మళ్ళీ పుచ్చి, పన్ను పగిలి, పీకించవలసి వచ్చింది. తర్వాత కూర్చొని చదువుకున్నాను.

మనవాళ్ళు వెండి అనేది నిజానికి వెండి, తగరం, రాగి కలిసిన పొడిని ఇంచుమించు అంతే బరువు పాదరసంతో కలిపి చేసే ముద్ద. కాసేపు మెత్తగా ఉండి తర్వాత గట్టిపడుతుంది. 1890లలో అమెరికాలో జి.వి. బ్లాక్ దీని పాళ్ళు సరిదిద్దిన తర్వాత నమ్మకంగా వాడుకలోకి వచ్చింది. ఇది తనంతట తాను పంటికి అంటుకోదు. కనుక గుంటను మూతి ఇరుకుగా, లోపల వెడల్పుగా, చెంబు మాదిరి తొలిచి కూరాలి. అంటే పుచ్చని పన్ను కూడా కొంత పోతుంది. అది దీని దోషం. గుణమేమిటంటే, కాస్త తడి తగిలినా తెల్లదానికన్నా బాగా ఓర్చుకుంటుంది. ఇంకో విచిత్రం కూడా ఉంది. పంటికీ లోహానికీ మధ్య మిగిలే సన్నని సందులో అది నెమ్మదిగా తుప్పు పట్టి, ఆ తుప్పే సందును పూడుస్తుంది. తుప్పు మేలు చేసే సందర్భాలు లోకంలో ఎన్ని ఉంటాయి!

మరి పాదరసం మాటేమిటి? గట్టిపడిన తర్వాత అది వెండితో, తగరంతో రసాయనికంగా కట్టుబడి ఉంటుంది. నమిలేటప్పుడు ఆవిరిగా వచ్చేది అత్యల్పం. పెద్ద చిక్కు కాలువల్లోకి, చెత్తలోకి పోయే పాదరసంతో. జపానులో మినమాతా తీరపు జనం పాదరసం చేరిన చేపలు తిని పడిన అవస్థ మనం చదువుకున్నదే. ఆ ఊరి పేరుతో 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశం 2018లో ధ్రువీకరించింది. పదిహేనేళ్ళలోపు పిల్లలకూ, గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ అమాల్గం పెట్టకుండా చూడాలని 2022లో సభ్యదేశాలు తీర్మానించాయి. ఐరోపా సమాఖ్యలో 2025 జనవరి నుంచి ప్రత్యేక వైద్యావసరం ఉంటే తప్ప వాడరాదు. కాబట్టి నా భయం ఉత్త భయం కాదు. దానికి బదులు పెట్టించిన వస్తువును గురించి మాత్రం నేను ఏమీ తెలుసుకోలేదు.

ఆ తెల్లది కాంపోజిట్. దానికి మూలమైన రెజిన్‌కు అమెరికాలో రఫాయెల్ బోవెన్ 1962లో పేటెంటు పొందాడు. రెజిన్‌లో గాజు, సిలికా రేణువులు కలిపి, నీలికాంతి చూపితే పాలిమర్‌గా బిగుస్తుంది. బిగిసేటప్పుడు ఘనపరిమాణంలో నూటికి రెండు మూడు పాళ్ళు కుంచించుకుపోతుంది కనుక, మామూలుగా రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా వేస్తారు. అంతకు ముందు 37 శాతం వరకు ఉండే ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి, కడిగి, పంటిని గరుకు చేస్తారు. ఆమ్లంతో గరుకు చేసే ఈ ఉపాయం 1955లో బ్యూనోకోర్ చూపించినదే. ఆ కంటికి కనబడని గుంటల్లోకి రెజిన్ దిగితేనే పట్టు. ఆ సమయంలో ఉమ్మో, నెత్తురో చేరిందా, నూనె పట్టిన గోడకు సున్నం కొట్టినట్టే. అమ్మ పంటికి జరిగింది అదే. చిగురు కింద తడి ఆగదు. పైగా అక్కడ వేరుభాగం కనుక, గట్టిగా పట్టు ఇచ్చే పింగాణీపొర కూడా ఉండదు.

మన సీమలో మరో సంగతి. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు ప్రాంతపు ఫ్లోరోసిస్‌ను గురించి 1937లోనే పరిశోధన వెలువడింది. రాయలసీమలోనూ బోరునీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటే పల్లెలున్నాయి. ఆ నీళ్ళతో మచ్చలు పడిన పళ్ళ పైపొర ఆమ్లానికి తొందరగా లొంగదు, తెల్లదాని పట్టు తగ్గుతుంది. అలాంటి ఊరివాళ్ళు ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పడం మంచిది.

ఇదే ఫ్లోరైడు మూడో వస్తువులో మిత్రుడవుతుంది. 1972లో లండనులో విల్సన్, కెంట్ ప్రకటించిన గ్లాస్ అయనోమర్‌లో ఫ్లోరైడు కలిసిన గాజుపొడికి పాలీయాక్రిలిక్ ఆమ్లం తోడవుతుంది. మనం ల్యాబులో చేసే ఆమ్ల-క్షార చర్యే. ఆ ఆమ్లంలోని కార్బాక్సిల్ సమూహాలు పంటిలోని కాల్షియాన్ని పట్టుకుంటాయి కనుక, ఇది తనంతట తానే అంటుకుంటుంది. కొంచెం కొంచెంగా ఫ్లోరైడు విడుస్తూ ఉంటుంది. నమిలే ఒత్తిడికి మాత్రం అరుగుతుంది, విరుగుతుంది. 1980లలో టాంజానియాలో కరెంటూ మిషనూ లేకుండా చేతి పనిముట్లతోనే పుచ్చు గీకి పూడ్చే పద్ధతి మొదలైంది. అది దీనిమీదే నిలబడింది. మన పల్లె బళ్ళలో పిల్లలకు వెండికన్నా, తెల్లదానికన్నా ఇదే నయమని నా అభిప్రాయం.

హాస్టలు మిత్రులకు ఒక మాట. ముందరిపన్ను మొక్కపోతే కాంపోజిట్ గురించి ఆలోచించనక్కర లేదు, పెట్టించుకోండి. దవడపన్నయితే పుచ్చు ఎంత లోతు, ఆ చోటును పొడిగా ఉంచగలరా అని అడగండి. రంగు ఆ తర్వాత.

పోయిన ఏడు అమ్మకు ఇంకో పన్ను చిగురు దగ్గర అరిగింది. వేపపుల్లతో అడ్డంగా, గట్టిగా రుద్దే అలవాటు. ఈసారి నేను నోరు మెదపలేదు. నమిలే బరువు నేరుగా పడని చోటు, తడి ఆపడం కష్టం కనుక గ్లాస్ అయనోమర్ పెడతామన్నారు డాక్టరుగారు.

"ఇది ఎన్నాళ్ళుంటుంది సార్? మళ్ళా రావాలంటే రెండు బస్సులు మారాల" అని అడిగింది అమ్మ. మొదటిసారి నేను అడగవలసిన ప్రశ్న.

"ఊడినా మళ్ళీ పెట్టవచ్చమ్మా, పన్ను మాత్రం ఉంటుంది. ఆ పుల్ల కాస్త మెత్తగా నమిలి రుద్దండి" అన్నారాయన.

సిమెంటు ఇప్పటిదాకా ఊడలేదు. అమ్మ రుద్దడమూ తగ్గించలేదు.