వీథికుక్కలు – రేబీస్ నివారణ

రేబీస్ సోకిన కుక్క కరచుటవలన మనుష్యునకు సంక్రమించు వ్యాధి, లక్షణములు పొడసూపిన పిమ్మట దాదాపు ఎల్లప్పుడును ప్రాణాంతకమే. మనుష్యులకు ఈ వ్యాధి సోకుటకు నూటికి 99 సందర్భములలో కుక్కలే కారణము. కావున వీథికుక్కల సమస్య జీవకారుణ్యమునకే గాక ప్రజారోగ్యమునకును సంబంధించినది.

పూర్వము నగరపాలక సంస్థలు వీథికుక్కలను పట్టించి చంపించుచుండెడివి. 1959లో మద్రాసున స్థాపింపబడిన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా అను జంతు సంరక్షణ సంస్థ, ఈ పద్ధతి క్రూరమే గాక నిష్ఫలమనియు వాదించినది. ఒక వీథి కుక్కలను చంపినచో, అచ్చటి చెత్తకుప్పలలోని తిండికై పొరుగు వీథుల కుక్కలు వచ్చి చేరును. ఆడకుక్క సుమారు 63 దినములు గర్భము మోసి ఒక్క ఈతలో నాలుగైదు పిల్లలను పెట్టగలదు. కొలది కాలములోనే వాని సంఖ్య మరల పెరుగును. కొత్త కుక్కలకు టీకా రక్షణ యుండదు.

1964లో ఆ సంస్థ వేరొక మార్గము సూచించినది. కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబీస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొన కత్తిరించి, పట్టినచోటనే విడుచుట ఆ మార్గము. 1990వ దశకమున మద్రాసు నగరములో కొంత భాగమున ఇది అమలులోనికి వచ్చినది. కేంద్ర ప్రభుత్వము 2001లో ఇందుకై నియమములు చేసి, 2023లో వాని స్థానమున కొత్తవి ప్రకటించినది. అయితే పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టాండులు, రైల్వే స్టేషన్లలో పట్టిన కుక్కలను మరల అచ్చట విడువరాదని సుప్రీంకోర్టు 2025 నవంబరులో ఆదేశించినది.

ఒక ప్రాంతమందలి కుక్కలలో కనీసము నూటికి 70కి టీకా వేసినప్పుడే వానిలో వ్యాధివ్యాప్తి ఆగును. పని సగములో విడిచినచో ఫలితము దక్కదు.

ప్రజలు చేయవలసినవి:

1. పెంపుడు కుక్కకు పశువైద్యుడు చెప్పిన గడువులలో టీకా వేయింపవలెను.

2. ఎంగిలి విస్తళ్లను, మాంసపు వ్యర్థములను వీథిలో పారవేయరాదు.

3. కుక్కలను రాళ్లతో కొట్టరాదని, నిద్రించుచున్న కుక్కను, పిల్లల తల్లిని సమీపింపరాదని బాలబాలికలకు నేర్పవలెను.

4. కుక్క కరచినచో గాయమును వెంటనే సబ్బుతోను, ధారగా పోయు నీటితోను 15 నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు.

5. ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన టీకాలన్నియు పూర్తిగా వేయించుకొనవలెను. గాయము చిన్నదని ఉపేక్షింపరాదు.