కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200: కొనే ముందు కొలతలు చూడండి

చిన్న పీసీ బిల్డ్‌కి కేస్ ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది లుక్ కాదు, కొలతలు. ఎన్‌ఆర్200నే తీసుకుందాం. సైజు 18.25 లీటర్లే అయినా 330 మి.మీ. పొడవున్న గ్రాఫిక్స్ కార్డు పడుతుంది. సీపీయూ కూలర్ ఎత్తు మాత్రం 155 మి.మీ. దాటకూడదు. అంటే 165 మి.మీ. ఉండే నాక్టువా ఎన్‌హెచ్-డీ15 పట్టదు. మదర్‌బోర్డు మినీ ఐటీఎక్స్ (170×170 మి.మీ.) లేదా మినీ డీటీఎక్స్ అయి ఉండాలి.

అసలు చిక్కు పవర్ సప్లైతోనే. పాత పీసీలోని ఏటీఎక్స్ యూనిట్ ఇందులో కూర్చోదు, ఎస్‌ఎఫ్‌ఎక్స్ కావాలి. అన్నే వాట్స్ ఉన్నా దాని ధర సాధారణంగా ఎక్కువ. కాబట్టి కేస్ రేటు ఒక్కటే కాదు, బోర్డు, పవర్ సప్లై కూడా కలిపి లెక్కేయండి.

పాత పార్ట్స్‌నే వాడుకోవాలంటే మైక్రో ఏటీఎక్స్ కేస్ బెటర్. అన్నీ కొత్తగా కొంటున్నారా, టేబుల్ మీద చోటు తక్కువా? అయితే ఇది తీసుకోవచ్చు.