బోరు కొట్టిస్తే సరే, బ్లాకు మారిస్తేనే చిక్కు

గుడివాడలో ఒక లేత్ షాపు. బోరింగ్ మిషను మీద ఆర్‌ఎక్స్ 100 బ్లాకు ఎక్కి ఉంది. పక్కనున్న స్టూలు మీద పాత పిస్టను, దాని ఒంటి నిండా గోరుతో గీకినట్టు నిలువు గీతలు. ఆయిలు తక్కువై సీజైందన్నమాట. నేను లాయరునని మేస్త్రీ చెప్పగానే బండి తాలూకు కుర్రవాడు దగ్గరికొచ్చాడు. "సార్, ఇలా బోరు కొట్టించడం కూడా కేసేనాండీ?"

కాదు. ఆ బండి బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకూ 50. లెక్క కడితే 98 సీసీ. పావు మిల్లీ ఓవర్‌సైజు పిస్టను వేస్తే 99 అవుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద "మార్పు" అంటే బండి మౌలిక లక్షణమే మారిపోయేలా నిర్మాణాన్ని మార్చడం. అరిగినదాన్ని సరిచేయించుకోవడం మరమ్మతే తప్ప మార్పు కాదని నా అభిప్రాయం. కార్బొరేటర్ శుభ్రం చేయించి, జెట్టు, ఐడ్లింగు కంపెనీ చెప్పినట్టు సెట్ చేయించుకున్నా ఎవరూ అడగరు.

"ఈసారి 135 బ్లాకు ఎక్కిద్దామనుకుంటున్నా" అన్నాడు.

అదిగో, చిక్కు అక్కడే ఉంది. ఆ బ్లాకు బోరు 58. అంటే 132 సీసీ. సీ-బుక్కులో ఉండేది ఒకటి, రోడ్డు మీద తిరిగేది ఇంకొకటి. 52వ సెక్షను వద్దన్నది సరిగ్గా దీన్నే. ఆర్టీఓ ఆఫీసులో ఫీజు కట్టి బుక్కులో ఎక్కించుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కేరళ నుంచి వెళ్లిన కె. జయచంద్ర కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు తేడా వచ్చే మార్పును రిజిస్టర్ చేయకూడదంది. ఇంజను పాడైతే ముందుగా అనుమతి తీసుకుని అదే రకం ఇంజను వేయించుకోవచ్చు. చట్టం ప్రత్యేకంగా ఒప్పుకున్నవాటిలో ఇంధనం మార్చే ఆమోదిత కిట్లు ఒకటి.

బండి ఎవరి పేరున ఉందని అడిగాను. "నాన్నగారి పేరునండీ."

2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షను నాలుగో ఉపసెక్షను పట్టుకునేది యజమానిని. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సరదా కొడుకుది, సమను తండ్రికి! మేస్త్రీ "ఏం కాదులే" అన్నాడని చెబితే కోర్టులో నిలవదు.

పాత ఇనుము కొట్లో ఇంజను కొనేవాళ్లకు ఇంకో మాట. క్రాంక్‌కేసు మీద నంబరు చూసి, అమ్మినవాడి దగ్గర రసీదు రాయించుకోండి. దొంగ బండి ఇంజనని తెలిసీ కొన్నట్టు రుజువైతే భారతీయ న్యాయ సంహిత 317 కింద మూడేళ్ల దాకా జైలు. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. ఇప్పుడు తిరుగుతున్న ప్రతి బండికీ పదిహేనేళ్లు నిండాయి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను రెన్యువల్ తప్పదు. ఇన్‌స్పెక్టరు టార్చి వేసి చూసేది ఆ నంబరునే.

ఇక సైలెన్సరు. మచిలీపట్నంలో బుల్లెట్లవాళ్లకు దీనిమీదే మోజు. కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 80 నుంచి 175 సీసీ బండికి 77 డెసిబెల్సు, ఆపైన 80 హద్దు. లోపలి జాలీ పీకేసి తిరిగితే 190(2) కింద మొదటిసారికే 10,000 దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. దానికి తోడు మూడు నెలలు లైసెన్సు పోతుంది. మధ్యలో ఎవరి నిద్ర చెడిందో జరిమానా రసీదులో రాయరు కానీ, మా వీధిలో నాకు తెలుసు.

పోలీసులు ఆపినప్పుడు మీకూ హక్కులున్నాయి. డిజీలాకర్‌లో ఉన్న ఆర్‌సీ, లైసెన్సు చూపిస్తే చాలు, కాగితాలే కావాలని పట్టుబట్టకూడదు. చలానా మీద ఏ సెక్షనో రాయమనండి. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. తప్పు చేయలేదనుకుంటే అక్కడికక్కడే ఒప్పుకుని కట్టనక్కర్లేదు, మేజిస్ట్రేటు ముందు చెప్పుకోవచ్చు. సైలెన్సరు విప్పి తీసుకెళ్తే స్వాధీన పత్రం అడగండి. అది చేతిలో ఉంటేనే నాగరిక్ సురక్షా సంహిత 497, 503 సెక్షన్ల కింద కోర్టులో అర్జీ పెట్టడం సులువు.

దివిసీమ కుర్రాళ్లకు కరకట్ట ఖాళీగా కనిపిస్తే చెయ్యి యాక్సిలరేటర్ మీద ఆగదు. జనం తిరిగే హక్కున్న దారేదైనా చట్టం లెక్కలో బహిరంగ స్థలమే. ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా పందెం వేస్తే 189 కింద 5,000 జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. నిజంగా ఆ పిచ్చి ఉన్నవాళ్లకు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది. హెల్మెటు, లైసెన్సు, నిబంధనలు అన్నీ అక్కడ గట్టివే.

కుర్రవాడు 135 బ్లాకు అప్పటికే కొనేశాడు, సంచిలో ఉంది. అడ్వాన్సు కాదు, మొత్తం డబ్బు కట్టేశాడట. కొన్నచోటే తిరిగి ఇచ్చి రమ్మన్నాను. బండికి విప్పేసిన పాత సైలెన్సరు మాత్రం అటక మీదే ఉందట, అమ్మలేదు.