అటక మీది రేకుపెట్టె

ఏమర్రా, భోజనాలయ్యాయా? అయితే ఇలా వచ్చి చాప మీద కూర్చోండి. ఇవాళ మీ దగ్గర ఒక సంగతి ఒప్పుకోవాలి. పత్రిక చేతికొస్తే కళ్లజోడు కంటే ముందు కత్తెర వెతుక్కునే మనిషిని నేను. "వదిన చదివాక వచ్చేది పేపరు కాదు, కిటికీ" అంటుంది మా ఆడపడుచు. కోపమొస్తుంది గానీ, అందులో అబద్ధమేముంది?

కిందటి దసరాకి ఇల్లు దులుపుతూ అటక మీది రేకుపెట్టె దింపించాను. మా వారొక్కరి వల్ల కాలేదు. పక్కింటి కుర్రాడు ఓ చెయ్యి వేసి, "ఏంటి పిన్నిగారూ, ఇటుకలా?" అన్నాడు. మూత తీస్తే 20 ఏళ్ల నా పోగు. వసుంధర పేజీలు, స్వాతిలో వంటలు, ఆదివారం అనుబంధాల్లోంచి కోసిన కథలు. వాటి అడుగున, పాత చీర ముక్కలో మూటగట్టి, మా అత్తయ్యగారి పోగు. దాని సంగతి తర్వాత చెబుతాను.

బట్టల మీద మరకలు పోగొట్టే చిట్కా ఒకటే, వేరువేరు ఏళ్లలో మూడుసార్లు కత్తిరించి దాచానర్రా! ఏ మరకైనా ఆ కాగితం చూసి వదిలించానా అంటే లేదు. పసిపిల్లల ఊలు స్వెట్టరు నమూనా ఒకటి దొరికింది. రోళ్లు పగిలే ఎండలున్న బెజవాడలో కూర్చుని ఊలు స్వెట్టరు ఎందుకు అల్లుదామనుకున్నానో ఆ కనకదుర్గమ్మకే తెలియాలి. అది అల్లాలనుకున్న పిల్లకి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నాం.

అన్నిటికంటే కడుపు మండించింది ముగ్గు. సంక్రాంతి సంచికలోది, నెమళ్లు చుట్టూ తిరిగే పెద్ద ముగ్గు. బొమ్మ వరకు గుండ్రంగా, ముచ్చటగా కత్తిరించాను. కింద చుక్కలెన్ని, సందుచుక్క ఎంతవరకు అని రాసి ఉండే వరస కాస్తా కత్తెరకి బలైపోయింది. చుక్కల లెక్క లేని ముగ్గుని ఏ వాకిట్లో వెయ్యను?

అదే పెట్టెలో ఆవకాయ కొలతల చీటీ కూడా ఉంది. ఏటా మే నెలలో దానికోసం ఇల్లంతా గాలిస్తాను. దొరకదు. చివరికి గుంటూరులో మా అక్కకి ఫోన్ చేస్తాను. "పోయినేడూ చెప్పాను కదే" అంటుంది అక్క, ఆవపిండి దగ్గర మొదలుపెడుతూ. అన్ని జాగ్రత్తలు తీసుకుని దాచిన చీటీ ఒక్క ఏడూ అక్కరకు రాలేదు. ఎందుకంటారు? నేను వంటలు, కుట్లు, కథలు, వైద్యం అని కట్టలు కట్టాను. మామిడికాయలు ముందేసుకుని కూర్చున్నదానికి వంటల కట్టలో అన్ని వందల కాగితాలు తిరగేసే ఓపిక ఎక్కడుంటుంది?

అందుకని ఈసారి నెలల వారీగా సర్దాను. మన తెలుగు నెలలే. 12 అట్ట ఫైళ్లు కొన్నాను. వైశాఖంలో ఆవకాయ, మాగాయ, ఒడియాలు. శ్రావణంలో వ్రతాల నైవేద్యాలు. కార్తీకంలో ఉపవాసం నాటి ఫలహారాలు. పుష్యంలో ముగ్గులు, అరిసెల పాకం, బొమ్మల కొలువు మెట్లు అమర్చే పద్ధతి. కాగితం దేని గురించో చూడను, దానికోసం నేనెప్పుడు వెతుక్కుంటానో అదే చూస్తాను. ఏ నెలలోనూ ఇమడనివాటికి 13వ ఫైలు పెట్టి, దానిమీద అధికమాసం అని రాశాను. మా వారు నవ్వారు గానీ, ఇప్పుడు కరెంటు బిల్లులు కూడా ఆయన అందులోనే పెడుతున్నారు.

సర్దేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. చదవకూడదు. మొదటిరోజు ఒక కథ చేతికొచ్చింది, కళ్లు అటే పోయాయి. సాయంత్రానికి తేలినవి నాలుగే నాలుగు కాగితాలు. చదవడం మొదలుపెట్టామా, పని మళ్లీ అటకెక్కినట్టే. మర్నాటి నుంచి పొయ్యి మీద కుక్కరు పెట్టి, మూడు కూతలు వచ్చేలోగా చేతికి ఎన్నొస్తే అన్ని తేల్చాను. ఆరోగ్యం చిట్కాలు మొత్తం పాత పేపర్ల సంచిలోకి పోయాయి. ఎప్పటివో మందుల కబుర్లు పట్టుకుని ఇప్పుడు ఒంటిమీదికి తెచ్చుకోవడం దేనికి, డాక్టరుగారున్నారు కదా. వంటల్లో, ఒక్కసారైనా చేసినవాటికి నూనె మరకలే సాక్ష్యం. తెల్లగా, కడిగిన ముత్యంలా ఉన్నవాటి మీద నాకు నమ్మకం పోయింది. సగానికి పైగా తీసేశాను.

ఇక కాగితం తత్వం. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది కాబట్టి కాస్త వినండి. న్యూస్‌ప్రింటుని కొయ్యను నూరి తీసిన గుజ్జుతో చేస్తారు. కొయ్యలో ఉండే లిగ్నిన్ అందులోనే ఉండిపోతుంది. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ అది పసుపు తిరుగుతుంది. కాగితంలోని ఆమ్లం దాన్ని పెళుసు చేస్తుంది. అందుకే పాత పేపరు మడత దగ్గర అప్పడంలా విరుగుతుంది. వీలైనంతవరకు మడవకండి, ఎండ పడే గూట్లో పెట్టకండి. గుండుసూదులు మన తేమకి తుప్పు పట్టి కాగితానికి బొక్క పెడతాయి. రబ్బరు బ్యాండు జీడిపాకంలా సాగి అతుక్కుంటుంది. సెల్లో టేపు కొన్నేళ్లకి ఊడి, నూనె మరకలాంటి చార మిగులుస్తుంది.

చిన్నప్పుడు మనం అన్నం మెతుకులతో అంటించేవాళ్లం, గుర్తుందా? గంజి ఉన్నచోటికి సిల్వర్ ఫిష్ పురుగులు పేరంటానికి వచ్చినట్టు వస్తాయి. బైండింగ్ చేసేవాళ్లు మైదా జిగురులో మైలుతుత్తం కలిపేది వాటి బెడదకే. అది విషం, పిల్లలున్న ఇంట్లో మీరు కలపబోకండి. దళసరి తెల్లకాగితానికి నాలుగు మూలలా గాట్లు పెట్టి, ముక్కని వాటిలో దోపితే ఏ జిగురూ అక్కర్లేదు. అంచు మీద పత్రిక పేరు, తేదీ పెన్సిలుతో రాయండి, సిరా అయితే ఊరుతుంది.

లామినేషన్ మాటెత్తకండి. వడ్డాది పాపయ్యగారి బొమ్మ ఉన్న ‘యువ’ ముఖచిత్రం ఒకటి నా దగ్గరుండేది. పదికాలాలు ఉంటుందని లామినేషన్ చేయిస్తే, వేడికి లోపల బుడగలు లేచి ఆ అమ్మాయి ముఖానికి అమ్మవారు పోసినట్టయింది. మళ్లీ విడదీయడానికీ లేదు. అలాంటివి ఫోన్లో ఫొటో తీసి, నెల పేరుతో ఆల్బం చేసుకోండి. మా అమ్మాయి నా చేత అదే చేయిస్తోంది.

ముక్కలు కాకుండా నిండు సంచికలు వరసగా ఉంటే మాత్రం కిలోల లెక్కన వేసెయ్యకండమ్మా. 1947 జులైలో మొదలైన చందమామ తొలి సంచికల కోసం ఇప్పటికీ ఎందరో వెతుక్కుంటున్నారు. నేను ఒక గ్రంథాలయానికి ఆటోలో మోసుకెళ్తే, చోటు లేదని గుమ్మంలోంచే పంపేశారు. ముందు అడక్కపోవడం నా తప్పే అనుకోండి. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం ఉంది చూశారూ, పాత పత్రికలు చూసుకోవడానికే పరిశోధన చేసేవాళ్లు అక్కడికి వెళ్తుంటారు. అలాంటిచోటికి ముందు ఒక ఉత్తరం ముక్క రాసి, ఆ తర్వాత ఆటో ఎక్కండి.

ఇప్పుడు అత్తయ్యగారి మూట. పైన ఆంధ్రప్రభ వీక్లీలోంచి తీసిన మాలతీ చందూర్‌గారి ‘ప్రమదావనం’ పేజీలు. ఎవరో ఏదో అడగడం, ఆవిడ పక్కింటి అక్కలా జవాబు చెప్పడం. వాటి కింద ‘తులసిదళం’. పుస్తకం కాదర్రా, ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చినప్పుడు వారం వారం పేజీలు విప్పి, వరసగా పేర్చి, అట్ట వేసి బైండు చేయించినది. ఆ రోజుల్లో ఇల్లింటా ఇలాంటి బైండ్లుండేవి. ఒకరింట్లోది వీధంతా తిరిగొచ్చేది.

తిప్పుతుంటే మధ్యలో అచ్చు కాగితాలు ఆగిపోయాయి. రూళ్ల కాగితాలు, నీలం సిరా, అత్తయ్యగారి గుండ్రటి చేతిరాత. ఆ వారం సంచిక మనింటికి రాలేదట. పక్కింటావిడ దగ్గర అరువు తెచ్చి మొత్తం చేత్తో ఎత్తి రాశారు. పైన సీరియల్ పేరు దిద్ది, చివర చిన్న గడి గీసి అందులో "ఇంకా ఉంది" అని కూడా రాశారు. దీన్ని నేను అధికమాసంలోనూ పెట్టలేకపోయాను. బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టి, కలరా ఉండలు దూరంగా జరిపాను.

"ఇంత ఓపిక ఎక్కడిదండీ అత్తయ్యగారూ?" అని అడిగాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తకుండానే అన్నారు: "ఓపికా పాడా! సాయంత్రానికల్లా పుస్తకం ఇచ్చెయ్యమందావిడ. పైగా చేతబడి కథాయె, చీకటి పడకముందే రాసేసి లేవాలి కదే!"