కంటైనర్‌ని వీఎం అనుకుని వాడితే ఏమవుతుంది? జగదీష్ మార్కెట్‌లో నేను పోగొట్టిన రిజిస్టర్

ఈ సైట్‌లో మీరు ఎక్కువగా ఫోన్ రివ్యూలే చదువుతుంటారు. ఈసారి ఫోన్ గురించి కాదు, ఫోన్లు రిపేర్ చేసే ఒక చిన్న షాపు గురించి, దాని వెనక నడిచే సర్వర్ గురించి. కంటైనర్, వర్చువల్ మెషీన్ (ఇక్కడి నుంచి వీఎం అంటాను) రెండూ ఒకటే కదా అనుకునేవాళ్లు నా ఫ్రెండ్స్‌లో చాలామందే ఉన్నారు. నేనూ అలాగే అనుకున్నా. దానికి మూల్యం మా మామయ్య కట్టాడు.

మామయ్యకు అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో రెండు కుర్చీలు పట్టేంత రిపేర్ షాపు ఉంది. ఫోన్ తీసుకోగానే వెనక ఒక నంబర్ స్టిక్కర్ అంటించి డ్రాయర్‌లో వేస్తాడు. అది ఎవరిది, ఏం ప్రాబ్లం, రేటు ఎంత చెప్పాం, అడ్వాన్స్ ఎంత వచ్చింది అన్నీ లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. ఆ బుక్ బదులు నేనొక వెబ్ యాప్ రాసిచ్చా. క్లౌడ్‌లో 1 జీబీ ర్యామ్ ఉన్న వీఎం అద్దెకు తీసుకుని, అందులో డాకర్ వేసి, యాప్‌ని ఒక కంటైనర్‌లో పెట్టా. డేటా మొత్తం ఒక ఎస్‌క్యూలైట్ ఫైల్, అదీ ఆ కంటైనర్ లోపలే. అంతటితో ఆగితే బాగుండేది. "ఇంక కస్టమర్‌కి చీటీ కూడా అక్కర్లేదు మామా, పేరు కొడితే అన్నీ వచ్చేస్తాయి" అని చీటీలు కూడా మాన్పించా.

మూడు వారాలు సూపర్‌గా నడిచింది. ఒక శనివారం రాత్రి యాప్‌లో చిన్న మార్పు చేసి, కొత్త ఇమేజ్ బిల్డ్ చేసి, పాత కంటైనర్ ఆపి, డిలీట్ చేసి, కొత్తది రన్ చేశా. పది సెకన్ల పని. లాగిన్ పేజీ వచ్చింది కదా అని పడుకున్నా. ఆదివారం షాపు బంద్. నేను అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసుకుంటూ తిరిగా. సోమవారం పొద్దున పదకొండింటికి ఫోన్.

"ఏందిరా, రిజిస్టర్ల ఒక్క ఫోన్ కనబడ్తలేదు. గిరాకీ ముంగట నిలబడ్డడు."

"అరగంట ఆగు మామా, చూస్తున్నా" అన్నా. చూడటానికి అక్కడ ఏమీ లేదు. డ్రాయర్‌లో 43 ఫోన్లు ఉన్నాయి, ఒక్కోదాని వెనక ఒక నంబర్, అంతే.

అసలు ఏం జరిగింది?

వీఎం అంటే మొత్తం కంప్యూటరే. కింద ఉన్న అసలు మెషీన్ మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ కూర్చుని, ఒక్కో వీఎంకి విడిగా ర్యామ్, డిస్క్, ప్రాసెసర్ వాటా ఇస్తుంది. ప్రతి వీఎంలోనూ దాని సొంత ఆపరేటింగ్ సిస్టమ్, సొంత కెర్నల్ ఉంటాయి. ఇలాంటివి అద్దెకిచ్చే డేటా సెంటర్లు ఇప్పుడు మన ఊరికీ వచ్చాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లో మూడు అవైలబిలిటీ జోన్లతో హైదరాబాద్ రీజియన్ మొదలుపెట్టింది.

కంటైనర్ అలా కాదు. అది కంప్యూటర్ కాదు, ఒక ప్రాసెస్. లినక్స్ కెర్నల్‌లోని నేమ్‌స్పేసెస్ ఆ ప్రాసెస్‌కి తన ఫైళ్లు, తన నెట్‌వర్క్ మాత్రమే కనబడేలా చేస్తాయి. సీగ్రూప్స్ అది ఎంత మెమరీ, ఎంత సీపీయూ తినాలో చూసుకుంటాయి. సీగ్రూప్స్ 2008లోనే లినక్స్‌లోకి వచ్చాయి. 2013లో డాకర్ వచ్చి వీటన్నిటినీ ఒక్క కమాండ్‌తో వాడుకునేలా చేసింది. నమ్మకం లేకపోతే మీరే చూడండి. ఉబుంటు వీఎం మీద ఆల్పైన్ కంటైనర్ రన్ చేసి, రెండు చోట్లా కెర్నల్ వెర్షన్ అడగండి. ఒకటే చూపిస్తుంది. వీఎంలో ప్రాసెస్ లిస్ట్ తీస్తే కంటైనర్‌లోని యాప్ మిగతా వాటి మధ్యలో మామూలుగా కనబడుతుంది.

నాకు ఇది నాంపల్లి నుమాయిష్‌ని గుర్తుచేస్తుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ ఎగ్జిబిషన్ ఏటా జనవరి 1న మొదలై మామూలుగా ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. స్టాల్ లేపడం తేలిక, పీకేయడం ఇంకా తేలిక. అబిడ్స్‌లో సొంత షట్టర్, సొంత కరెంట్ మీటర్ ఉన్న షాపు వీఎం అనుకుంటే, నుమాయిష్ స్టాల్ కంటైనర్. స్టాల్ పీకేసే రోజు సరుకు లోపలే వదిలేసి ఏ వ్యాపారీ వెళ్లడు. నేను వదిలేశా.

డాకర్ ఇమేజ్‌లో ఉన్న లేయర్లన్నీ చదవడానికే, వాటిలో ఏదీ రాయలేం. కంటైనర్ నడిచేటప్పుడు వాటిపైన రాసుకోవడానికి పల్చటి లేయర్ ఒకటి వస్తుంది. నా ఎస్‌క్యూలైట్ ఫైల్ ఉన్నది ఆ పల్చటి పొరలో. కంటైనర్‌ని ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ పొర అలాగే ఉంటుంది. మధ్యలో ఒకసారి వీఎంనే రీబూట్ చేశా, అప్పుడూ డేటా ఉంది. నన్ను మోసం చేసింది అదే. కంటైనర్‌ని డిలీట్ చేస్తే మాత్రం ఆ పొర కూడా పోతుంది. వీఎంలో అప్‌డేట్ అంటే ఉన్న చోటే ఇన్‌స్టాల్ చేస్తాం. కంటైనర్‌లో అప్‌డేట్ అంటే పాతది పారేసి కొత్తది పెట్టడం.

మందు చాలా చిన్నది. వీఎం డిస్క్ మీద ఒక ఫోల్డర్, లేదా డాకర్ వాల్యూమ్ తీసుకుని, దాన్ని కంటైనర్ లోపలి డేటా ఫోల్డర్‌కి మౌంట్ చేయాలి. అప్పుడు కంటైనర్‌ని రోజుకు పదిసార్లు పారేసినా ఫైల్ బయటే ఉంటుంది. ఒక విషయం. మీరు పోస్ట్‌గ్రెస్ లేదా మైఎస్‌క్యూఎల్ అఫీషియల్ ఇమేజ్ వాడుంటే, వాల్యూమ్ మీరు చెప్పకపోయినా డాకర్ పేరులేని వాల్యూమ్ ఒకటి తయారుచేస్తుంది. కాబట్టి కంటైనర్ పోయిందని కంగారుపడి ప్రూన్ కమాండ్ కొట్టకండి. ముందు వాల్యూమ్ లిస్ట్ చూడండి, మీ డేటా అక్కడే పడుండొచ్చు. నాకు ఆ అదృష్టం లేదు.

పక్క స్టాల్ సంగతి

ఇంకో తేడా డేటా కంటే పెద్దది. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు లేచాయి. పక్కపక్కనే ఆనుకుని ఉన్న స్టాళ్లు వరుసగా కాలిపోయాయి. సరిగ్గా పన్నెండు రోజులకు, ఫిబ్రవరి 11న, డాకర్ కింద పనిచేసే రన్‌సీ అనే ప్రోగ్రామ్‌లో ఒక లోపం బయటపెట్టారు. చెడ్డ ఉద్దేశంతో తయారుచేసిన కంటైనర్ ఒకటి రన్ అయితే, అది హోస్ట్‌లోని రన్‌సీ ఫైల్‌నే మార్చేసి, మొత్తం మెషీన్ మీద రూట్ అధికారం తీసుకోగలదు. రెండింటికీ సంబంధం లేదు, తేదీలు అలా కలిశాయి, అంతే. కానీ కెర్నల్ ఒకటే అయినప్పుడు ఒక స్టాల్ మంట ఎంత దూరం పోగలదో నాకు అప్పుడే అర్థమైంది.

అందుకే ఒకరికొకరు తెలియని కస్టమర్ల కోడ్‌ని క్లౌడ్ కంపెనీలు మామూలు కంటైనర్ గోడ ఒక్కదాని మీదే నమ్మకం పెట్టి వదలవు. అమెజాన్ 2018లో ఫైర్‌క్రాకర్ అనే ఓపెన్ సోర్స్ టూల్ విడుదల చేసింది (పేరు పటాకీ, పని మాత్రం మంటలు ఆపడం). అది తయారుచేసే మైక్రో వీఎంకి సొంత కెర్నల్ ఉంటుంది. అయినా 125 మిల్లీసెకన్లలో లేస్తుంది, అదనంగా తినే మెమరీ 5 ఎంబీ లోపే. లాంబ్డా సర్వీస్ దీని మీదే నడుస్తుంది. షాపు గోడ, స్టాల్ వేగం రెండూ కావాలనుకున్నారన్నమాట.

మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనూ ఇదే కథ. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కి విడి యూజర్ ఐడీ ఇచ్చి శాండ్‌బాక్స్‌లో పెడతారు, కెర్నల్ మాత్రం అందరికీ ఒకటే. 2025 మార్చిలో పిక్సెల్ ఫోన్లకు వచ్చిన లినక్స్ టెర్మినల్ మాత్రం డెబియన్‌ని వీఎంలో నడుపుతుంది. పిక్సెల్ ఉన్నవాళ్లు డెవలపర్ ఆప్షన్స్‌లో ఆన్ చేసి ఆడుకోండి, నేర్చుకోవడానికి అంతకంటే చవకైన ల్యాబ్ లేదు.

ఇప్పుడు నా సెటప్

వీఎం ఒకటే. మామయ్య షాపు డేటా ఉన్న వీఎంలో నా ప్రయోగాలు పెట్టను, వాటికి ఇంకో వీఎం. లోపల యాప్ ఒక కంటైనర్, ఫోటోలు చిన్నవి చేసేది ఇంకోటి. ఈ రెండోది ఒకసారి ర్యామ్ మొత్తం తినేసి వీఎంలోకి నేను లాగిన్ కూడా కాలేనంత పని చేసింది. డాకర్‌లో లిమిట్ పెట్టకపోతే కంటైనర్ దొరికినంతా వాడుకుంటుంది. ఇప్పుడు దానికి 256 ఎంబీ గీత గీశా. దాటితే అదొక్కటే చస్తుంది, షాపు నడుస్తుంది. రోజూ రాత్రి ఎస్‌క్యూలైట్ సొంత బ్యాకప్ కమాండ్‌తో కాపీ తీసి వీఎం బయటకు పంపుతా. నడుస్తున్న ఫైల్‌ని మామూలుగా కాపీ చేస్తే సగం రాసిన డేటా రావొచ్చు.

కూబర్నెటీస్ ఎందుకు వాడలేదని అడుగుతారు. పదుల సర్వర్లలో వందల కంటైనర్లు ఉంటే అది కావాలి. ఒక్క షాపుకి అది పెడితే, షాపు కంటే దాన్ని చూసుకునే పనే ఎక్కువవుతుంది.

43 ఫోన్ల విషయానికొస్తే, నేనూ మామయ్యా రెండు రోజులు కూర్చుని, రేట్లు పంపిన వాట్సాప్ చాట్లు తిరగేసి, వచ్చిన ప్రతి కాల్‌నీ రాసుకుని 41 తేల్చాం. అడ్వాన్స్ ఎంత ఇచ్చామంటే అంతే ఒప్పుకున్నాం, వేరే దారి లేదు. చీటీలు మళ్లీ మొదలయ్యాయి. మిగిలిన రెండు ఫోన్లు ఇంకా డ్రాయర్‌లోనే ఉన్నాయి.