అభిమానవతి జమున

ఒకప్పుడు తెలుగునాట స్త్రీలు నాటకరంగమున కాలు మోపుట గౌరవమునకు భంగమని పలువురు తలంచుచుండిరి. అందుచే నాటకములలోని స్త్రీ పాత్రలను పురుషులే ధరించుచుండిరి. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు సత్యభామ వేషమున అఖండమైన కీర్తి నార్జించెను. అనంతపురము సీమలోని తాడిపత్రిలో జన్మించిన బళ్ళారి రాఘవ మాత్రము స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని గట్టిగా వాదించెను. ఆయన 1946లో కీర్తిశేషుడయ్యెను. ఆయన కోరిన మార్పు ఆ తరువాతి తరమున నెరవేరెను. ఆ తరములో నటనను వృత్తిగా గైకొని, ప్రజలచే ఎన్నుకొనబడి లోక్‌సభలో కూర్చున్న తెలుగు మహిళ జమున.

జమున 1936వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన హంపిలో జన్మించెను. హంపి విజయనగర రాజుల రాజధాని. 1565లో ఆ నగరము పాడుపడిన పిమ్మట పెనుకొండ రాజధాని అయ్యెను. జమున తండ్రి నిప్పణి శ్రీనివాసరావు వర్తకుడు. తల్లి కౌసల్యాదేవి. వ్యాపార నిమిత్తమై ఆ కుటుంబము గుంటూరు జిల్లాలోని దుగ్గిరాలకు వచ్చి స్థిరపడెను. దుగ్గిరాల పసుపు వ్యాపారమునకు పేరుపొందిన ఊరు. జమున బాల్యమంతయు అచ్చటనే గడచెను. సంగీతమునందును, హార్మోనియము వాయించుటయందును ఆమెకు తల్లియే తొలి గురువు.

పాఠశాలలో చదువుకొను దినములలోనే జమునకు నాటకములపై మక్కువ కలిగెను. తరువాతి కాలమున ప్రసిద్ధ నటుడైన కొంగర జగ్గయ్య అప్పుడు దుగ్గిరాల ప్రాంతమున నాటకములు ఆడించుచుండెను. ఆయన జమున తండ్రిని ఒప్పించి, ఆమెచే 'ఖిల్జీ రాజ్యపతనము' అను నాటకమున వేషము వేయించెను. పిదప ఆమె 'మా భూమి' నాటకమున నటించెను. ఆమె ప్రతిభను గూర్చి తెలిసికొనిన డాక్టరు గరికపాటి రాజారావు తాను నిర్మించిన 'పుట్టిల్లు' చిత్రమున ఆమెకు అవకాశ మిచ్చెను. వృత్తిచే వైద్యుడైన రాజారావు ప్రజానాట్యమండలికి జీవము పోసినవారిలో నొకడు. 1953లో 'పుట్టిల్లు' వెలువడునాటికి జమునకు పదునేడేండ్లైనను నిండలేదు. ఆ చిత్రము ప్రజాదరణను అంతగా పొందకపోయినను, చిత్రసీమకు ఒక నటి లభించెను.

1955లో వచ్చిన 'మిస్సమ్మ' చిత్రమున జమీందారు కుమార్తె సీతగా జమున ప్రేక్షకుల మెప్పు పొందెను. కాని ఆమె పేరు చెప్పినంతనే తెలుగువారికి మొదట స్ఫురించునది సత్యభామ. 1957లో 'వినాయక చవితి' యందును, 1966లో 'శ్రీకృష్ణ తులాభారము' నందును ఆమె ఆ పాత్రను ధరించెను. సత్యభామను నటించుట సులభము కాదు. ఆమె శ్రీకృష్ణుని మిక్కిలి ప్రేమించినది. ఆ ప్రేమయే ఆమెకు గర్వకారణమైనది. తన సంపదయంతయు త్రాసులో పెట్టినను కృష్ణుని తూచలేక, రుక్మిణి యుంచిన ఒక్క తులసీదళము ముందు ఆమె గర్వము కరగిపోవును. గర్వమును మాత్రమే చూపినచో ప్రేక్షకుడు సత్యభామను ద్వేషించును. ప్రేమను మాత్రమే చూపినచో ఆమె సత్యభామయే కాదు. జమున కన్నులలో కోపమును, పలుకులో చనువును కలిపి ఆ రెండింటిని సమముగా నిలిపెను. వాలుజడను ముందునకు వేసికొని, మెడను కొంచెముగా త్రిప్పి చూచు ఆ చూపు తెలుగు ప్రేక్షకులకు చిరకాలము గుర్తుండెను.

అట్టి నటి జీవితమున ఒక కఠిన పరీక్ష కలిగెను. నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఆనాటి చిత్రసీమకు రెండు కన్నులవంటివారు. వారికిని జమునకును మధ్య అభిప్రాయభేదములు పొడసూపెను. వారామెతో కలిసి నటింపమని నిశ్చయించుకొనిరి. ఆ దినములలో వారిద్దరిని విడిచి కథానాయికగా నిలుచుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. క్షమాపణ కోరినచో అంతయు చక్కబడునని కొందరు సలహా ఇచ్చిరి. తాను తప్పు చేయలేదు కనుక క్షమాపణ కోరలేదని జమున తరువాతి కాలమున చెప్పెను. దాదాపు మూడు సంవత్సరములు ఈ స్థితి కొనసాగెను. ఆమె ఎవరిని నిందించుచు కూర్చుండలేదు. ఇతర నటులతో తెలుగు చిత్రములలోను, ఇతర భాషల చిత్రములలోను పని చేయుచునే యుండెను.

తుదకు విజయా సంస్థ అధిపతులైన నాగిరెడ్డి, చక్రపాణి మధ్యవర్తులై సఖ్యము కుదిర్చిరి. 1962లో వెలువడిన 'గుండమ్మ కథ' యందు ఆ ఇద్దరు నటులును, సావిత్రియు, జమునయు కలిసి నటించిరి. అందు జమున గుండమ్మ గారాబు కుమార్తె సరోజ. పని యన్న నెరుగని ఆ పిల్ల పెండ్లియైన పిమ్మట తోటలో కాయకష్టము చేయుచు బ్రతుకు విలువ తెలిసికొనును. సరోజగా ఆమె చూపిన పెంకితనమును, పిదప కలిగిన మార్పును తెలుగువారు నేటికిని మెచ్చుకొనుచున్నారు.

1964లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వమున 'మూగ మనసులు' వెలువడెను. గోదావరి తీరమున పడవ నడుపు యువకుని కథ యది. అతనిని మనసార ప్రేమించి, ఆ ప్రేమ ఫలింపదని తెలిసియు త్యాగము చేసిన గౌరి పాత్రను జమున ధరించెను. చదువురాని పల్లెపడుచుగా ఆమె పలికిన యాసయు, ఆమె అల్లరియు, ఆ వెనుక దాగిన దుఃఖమును ప్రేక్షకులను కదిలించెను. అదే కథ ఆదుర్తి దర్శకత్వమున 1967లో 'మిలన్' అను పేర హిందీలో వెలువడగా, అందును ఆ పాత్ర ఆమెకే దక్కెను. ఆ నటనకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయనటి బహుమానము లభించెను. దుగ్గిరాల బాలిక ఉత్తరదేశమునను కీర్తి గాంచెను. ఈ నడుమ 1965లో ఆమె జంతుశాస్త్ర ఆచార్యుడైన జూలూరి రమణారావును వివాహమాడెను.

నటులు రాజకీయములలో ప్రవేశించుట తెలుగునాట క్రొత్త కాదు. జమునను రంగస్థలమునకు తెచ్చిన జగ్గయ్యయే 1967లో ఒంగోలు నుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. తారక రామారావు 1982లో తెలుగుదేశము పార్టీని స్థాపించి, మరుసటి సంవత్సరము ముఖ్యమంత్రి అయ్యెను. 1985, 1989, 1994 ఎన్నికలలో హిందూపురము ప్రజలు ఆయనను శాసనసభకు పంపిరి. జమున మాత్రము కాంగ్రెసు పక్షమున చేరెను. 1985లో ఆమె మంగళగిరి నుండి శాసనసభకు పోటీచేసి, తెలుగుదేశము అభ్యర్థి చేతిలో ఓడిపోయెను. వెండితెరపై చూచి మెచ్చుకొన్నంత మాత్రమున ప్రజలు ఓటు వేయరని ఆ ఓటమి తెలిపెను.

ఆమె అంతటితో వెనుకకు మరలలేదు. 1989లో రాజమండ్రి నియోజకవర్గము నుండి లోక్‌సభకు పోటీచేసి విజయము సాధించెను. గోదావరి ఒడ్డున గౌరిగా ప్రజలను ఏడిపించిన నటి, ఇరువదియైదు సంవత్సరముల పిమ్మట ఆ గోదావరి ప్రజలకే ప్రతినిధి అయ్యెను. నటి పలుకు మాటలు రచయిత వ్రాసియిచ్చినవి. ప్రతినిధి పలుకవలసిన మాటలు ప్రజల కష్టములనుండి పుట్టవలెను. ఈ క్రొత్త బాధ్యత ఆమెకు ఎక్కువ కాలము నిలువలేదు. ఆ లోక్‌సభ 1991లోనే రద్దయ్యెను. ఆ సంవత్సరము జరిగిన ఎన్నికలలో ఆమె పరాజయము పొందెను. పిదప అటల్ బిహారీ వాజపేయి కాలమున భారతీయ జనతా పార్టీ తరఫున ప్రచారము చేసెను. కాని మరల లోక్‌సభకు ఎన్నిక కాలేదు.

పదవి పోయినను ఆమె తాను నడచివచ్చిన త్రోవను మరువలేదు. రంగస్థలమునే నమ్ముకొనిన పేద కళాకారుల మేలునకై సంఘము నేర్పరచి పాటుపడెను. 2008వ సంవత్సరమునకు ఆమెకు ఎన్.టి.ఆర్. జాతీయ పురస్కారము ప్రకటింపబడెను. ఒకనాడు ఆమెతో నటింపనని నిశ్చయించుకొనినవాడును, రాజకీయములలో ఎదుటి పక్షమునకు నాయకుడును అయిన మహానటుని పేర నెలకొల్పిన పురస్కారమది. ఆమె దానిని ఆదరముతో స్వీకరించెను. 2023వ సంవత్సరము జనవరి 27వ తేదీన, ఎనుబదియారేండ్ల వయస్సున, జమున హైదరాబాదులో పరమపదించెను.

అభిమానము వేరు, అహంకారము వేరు. అహంకారి ఇతరులను తక్కువ చేయ జూచును. అభిమానవంతుడు తన్ను తాను తక్కువ చేసికొనుటకు సమ్మతింపడు. అతనికి పగతో పనిలేదు. పనిపై నమ్మకమే చాలును. అవకాశములు తగ్గిన కాలమున జమున తల వంచలేదు. సఖ్యము కుదిరిన నాడు పాత మాటను పట్టుకొని వ్రేలాడలేదు. గెలిచినప్పుడును ఓడినప్పుడును ఆమె బ్రతుకున నిలిచియున్నది ఈ గుణమే.

ప్రశ్నలు

1. స్త్రీ పాత్రలను గూర్చి బళ్ళారి రాఘవ అభిప్రాయమేమి?
2. సత్యభామ పాత్రను నటించుట ఏల సులభము కాదు?
3. అగ్రనటులతో భేదము కలిగినప్పుడు జమున ఎట్లు ప్రవర్తించెను?
4. అభిమానమునకును అహంకారమునకును గల భేదమును మీకు తెలిసిన ఉదాహరణముతో వివరింపుడు.